పాత ర్యామ్‌ను షాపులో వదిలి రాకండి

కొత్తొక వింత, పాతొక రోత అన్నారు మన పెద్దలు. ఈ సామెత తెలుగు రాకపోయినా కంప్యూటరు షాపులవాళ్ళకు బాగా తెలుసు. ల్యాప్‌టాప్ నెమ్మదించిందని మనం పట్టుకెళ్తే, అందులోని ర్యామ్ పాతదైపోయిందంటారు. దాని పక్కన వేరే కంపెనీది వేస్తే పనిచేయదంటారు. రెండూ కొత్తవి, ఒకే జతవి వేయించుకోవాలంటారు. మనం తల ఊపుతాం. బిల్లు రెట్టింపవుతుంది. పాత స్టిక్కు షాపు సొరుగులోకి పోతుంది.

ఈ వారం మేము రాయదలచుకున్నది ఈ జత మాట గురించే. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. క్యాంపుల్లో, బ్యాచిలర్ గదుల్లో ఉండే మన వాడకానికి పాత ర్యామ్ పక్కన వేరే కంపెనీ ర్యామ్ వేసుకోవడంలో తప్పేమీ లేదు. అలాగని ఏది దొరికితే అది దూర్చినా కుదరదు. ఏది కలిసి తీరాలి, ఏది కలవకపోయినా ఫరవాలేదు అన్నది తెలుసుకుని షాపు మెట్లెక్కాలి.

మేము సాల్మియాలో ఆఫీసు గుమాస్తాలం. చదివింది ఇంటర్మీడియట్. ఇంజనీర్లం కాదు. కాకపోతే ఉత్తరాలు టైపు చేయడం, జీతాల పట్టీలు వేయడం, కంప్యూటరు మొరాయిస్తే మూత విప్పి చూడడం మా రోజువారీ పనిలో భాగం. అందుకే శుక్రవారం వచ్చిందంటే మహబూలా నుంచి, జలీబ్ నుంచి, మంగాఫ్ నుంచి మన సోదరులు ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని మా గదులకు వస్తుంటారు. వాళ్ళడిగే ప్రశ్నల్లో ఎక్కువసార్లు వినిపించేది ఇదే: "అన్నా, దీంట్లో ఇంకో ర్యామ్ పడుతుందా? ఏది కొనాలి?"

కూలి పని చేసుకునేవాడికి ల్యాప్‌టాప్ ఎందుకని కొందరు నవ్వుతారు. అలా నవ్వేవాళ్ళు 2020 ఏప్రిల్‌ను గుర్తు చేసుకోవాలి. కోవిడ్ వల్ల జలీబ్, మహబూలా ప్రాంతాలను ప్రభుత్వం చుట్టూ మూసేసినప్పుడు, గది దాటి బయటికి రాలేని మనవాళ్ళకు ఇంటివాళ్ళ ముఖం చూపించింది ఫోనూ, ల్యాప్‌టాపే. ఈ రోజుకీ పిల్లల పాఠాలు చూసేది, అకామా కాగితాలు దాచుకునేది, డ్రాఫ్ట్‌మన్ కావాలని ఆటోక్యాడ్ నేర్చుకునేది దాని మీదే. కువైట్‌లో ప్రైవేటు ఉద్యోగికి కనీస వేతనం 2017లో 75 దినార్లు చేశారు. ఆ చుట్టుపక్కల జీతంతో బతికేవాడికి ర్యామ్ మీద పెట్టే ప్రతి దినారు ఇంటికి పంపే డబ్బులోంచి తీసిందే. కాబట్టి ఇది షోకు సంగతి కాదు.

ముందు ర్యామ్ చేసే పని తెలియాలి

చాలామంది ఫోన్‌లో వేసే మెమొరీ కార్డూ ఇదీ ఒకటే అనుకుంటారు. కాదు. మన మెస్సులో వంటవాడిని చూడండి. బియ్యం, పప్పు, ఉల్లిపాయలు స్టోరు గదిలో ఉంటాయి. తరిగేది, కలిపేది మాత్రం ఎదురుగా ఉన్న గట్టు మీద. హార్డ్ డిస్కు స్టోరు గది. ర్యామ్ ఆ గట్టు. గట్టు చిన్నదైతే వంటవాడు ప్రతి దానికీ స్టోరుకు పరుగెత్తాలి, వంట ఆలస్యమవుతుంది. ల్యాప్‌టాప్ నెమ్మదించడం కూడా అంతే. 4 జీబీ ర్యామ్ ఉన్న మిషన్‌లో వీడియో కాల్ పెట్టి, పక్కనే నాలుగైదు పేజీలు తెరిస్తే గట్టు నిండిపోతుంది. అప్పుడు అది హార్డ్ డిస్కును ర్యామ్‌లాగా వాడుకోవడం మొదలుపెడుతుంది. డిస్కు ర్యామ్ కంటే ఎన్నో రెట్లు నెమ్మది. అందుకే తెర బిగుసుకుపోతుంది.

మనవాళ్ళు ఎక్కువగా కొనేవి పెద్ద కంపెనీలు కొన్నేళ్ళు వాడి వదిలేసిన సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాపులు. డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్, లెనోవో థింక్‌ప్యాడ్ లాంటివి. సాల్మియా పక్కనే ఉన్న హవల్లీలో ఇబ్న్ ఖల్దూన్ వీధికి వెళ్తే వరుసగా ఇవే. వీటిలో చాలావాటికి ర్యామ్ కోసం రెండు స్లాట్లు ఉంటాయి. ఒకదానిలో స్టిక్కు ఉండి రెండోది ఖాళీగా ఉండడం మామూలే. అలాంటప్పుడు ఖాళీ స్లాటులో ఇంకో స్టిక్కు పెట్టుకుంటే సరిపోయేదానికి, ఉన్నదాన్ని పీకి రెండు కొనడం ఎందుకు?

కలిసి తీరాల్సినవి

మొదటిది తరం. ర్యామ్‌లో డీడీఆర్2, డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అని తరాలున్నాయి. ల్యాప్‌టాప్ ర్యామ్‌కు డీడీఆర్3లో 204 పిన్నులు, డీడీఆర్4లో 260, డీడీఆర్5లో 262. మధ్యలో ఉండే గాటు కూడా ఒక్కో తరానికి ఒక్కో చోట ఉంటుంది. ఒక తరం స్లాటులో ఇంకో తరం స్టిక్కు కూర్చోదు. కూర్చోకపోతే బలం ఉపయోగించకండి. స్లాటు విరిగితే మదర్‌బోర్డుకే ఎసరు. స్టిక్కు మీది చీటీలో పీసీ3 అని ఉంటే అది డీడీఆర్3. పీసీ4 అని ఉంటే డీడీఆర్4.

రెండోది కరెంటు. ఇది డీడీఆర్3 వాడే పాత మిషన్లకు ముఖ్యం. మామూలు డీడీఆర్3 స్టిక్కు 1.5 వోల్టుల మీద నడుస్తుంది. పీసీ3 పక్కన ఎల్ అక్షరం ఉన్న స్టిక్కు 1.35 వోల్టుల మీద నడుస్తుంది, 1.5 ఇచ్చినా తట్టుకుంటుంది. నాలుగో తరం ఇంటెల్ ప్రాసెసర్ నుంచి వచ్చిన చాలా ల్యాప్‌టాపులు 1.35 మాత్రమే ఇస్తాయి. వాటిలో ఎల్ లేని స్టిక్కు వేస్తే మిషన్ లేవకపోవచ్చు. అందుకని డీడీఆర్3 కొనేటప్పుడు ఎల్ ఉన్నదే అడగండి.

మూడోది సైజు. డెస్క్‌టాప్ ర్యామ్ పొడవు, ల్యాప్‌టాప్‌ది పొట్టి. ఆఫీసులో పారేసిన డెస్క్‌టాప్ లోంచి తీసిన స్టిక్కు ల్యాప్‌టాప్‌కు పనికిరాదు.

నాలుగోది మిషన్ పరిమితి. ప్రతి మోడల్‌కూ ఇంతకు మించి ర్యామ్ తీసుకోదని ఒక హద్దు ఉంటుంది. ఆ మోడల్ పేరుతో కంపెనీ ఇచ్చిన పుస్తకంలో అది రాసి ఉంటుంది. ఇంకో చిక్కు ఉంది. విండోస్ 32 బిట్ వేసిన మిషన్‌లో ఎంత ర్యామ్ వేసినా 4 జీబీ దాటి వాడుకోలేదు. ముందు 64 బిట్ విండోస్ వేయించి, తర్వాతే ర్యామ్ మీద డబ్బు పెట్టాలి.

కలవకపోయినా ఫరవాలేనివి

కంపెనీ పేరు కలవనక్కరలేదు. అసలు ర్యామ్ చిప్పులు భారీగా తయారుచేసేవి ప్రపంచంలో ప్రధానంగా మూడే సంస్థలు. కొరియాలోని సామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, అమెరికాలోని మైక్రాన్. స్టిక్కు మీద కింగ్‌స్టన్ లాంటి వేరే పేరున్నా లోపలి చిప్పులు చాలావరకు వీళ్ళవే. పైగా జెడెక్ అనే సంస్థ పెట్టిన ఒకే ప్రమాణానికి అందరూ తయారు చేస్తారు. సామ్‌సంగ్ పక్కన హైనిక్స్ కూర్చుంటే గొడవపడాల్సిన కారణం లేదు.

వేగం కలవనక్కరలేదు. ఒక స్టిక్కు 2400, ఇంకోటి 3200 అనుకోండి. ప్రతి స్టిక్కు మీదా దాని వివరాలు దాచుకున్న చిన్న చిప్పు ఉంటుంది. మిషన్ ఆన్ కాగానే రెండు చిప్పులనూ చదివి, ఇద్దరూ నడవగలిగే వేగానికి రెండింటినీ దింపుతుంది. కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి చురుకు, ఒకటి నిదానం అయితే బండి నిదానపు ఎద్దు నడకనే నడుస్తుంది కదా, అంతే. బండి మాత్రం ఆగదు. ఇంకో మాట. ఆరో తరం ఇంటెల్ ఉన్న ఎలైట్‌బుక్ 840 జీ3 లాంటి మిషన్ ఎంత వేగమైన స్టిక్కు పెట్టినా 2133 దాటి నడపలేదు. దానికి 3200 స్టిక్కే కావాలని ఎక్కువ డబ్బు పెట్టడం దండగ. తక్కువ వేగం స్టిక్కు చవగ్గా దొరికితే అదే తీసుకోండి.

జీబీలు కూడా కలవనక్కరలేదు. రెండు స్టిక్కులు సమానంగా ఉంటే మిషన్ రెండు దారుల్లో ఒకేసారి సరుకు తెస్తుంది. దీన్నే డ్యూయల్ ఛానల్ అంటారు. 4 జీబీ పక్కన 8 జీబీ పెడితే ఏమవుతుంది? ఇంటెల్ మిషన్లు చాలావాటిలో 4 కు 4 జతకట్టి 8 జీబీ రెండు దారుల్లో నడుస్తుంది. మిగిలిన 4 జీబీ ఒకే దారిలో నడుస్తుంది. దీనికి ఫ్లెక్స్ మోడ్ అని పేరు కూడా పెట్టారు. మొత్తం 12 జీబీ వాడకానికి వస్తుంది. వీడియో కాల్స్, ఎక్సెల్, పాఠాలు చూసేవాడికి ఈ తేడా తెలియనే తెలియదు. చీటీ మీద 1ఆర్ఎక్స్8, 2ఆర్ఎక్స్8 అని ఉండేవి చిప్పుల అమరికకు గుర్తులు. అవి వేరైనా చాలా మిషన్లకు ఇబ్బంది లేదు.

షాపువాళ్ళ మాటలో నిజమెంత?

న్యాయంగా మాట్లాడుకుందాం. జత ఒకటే అయితే గొడవలు తక్కువ అన్నమాట అబద్ధం కాదు. ఒకే కంపెనీ ఒకే మోడల్‌గా అమ్మే జతను పరీక్షించి అమ్ముతారు. పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసుకునేవాళ్ళకు, ఆటలు ఆడేవాళ్ళకు రెండు దారుల వేగం ఉపయోగపడుతుంది. వేరువేరు స్టిక్కులు కలిపినప్పుడు అరుదుగా కొన్ని మిషన్లు లేవవు, మధ్యలో నీలి తెర చూపిస్తాయి. రేపు గొడవ వస్తే కస్టమరు మళ్ళీ వస్తాడని షాపువాడికి భయం. అదీ అర్థం చేసుకోవాలి.

కానీ "గొడవ రావచ్చు" అనడం వేరు, "పనిచేయదు" అనడం వేరు. మా బిల్డింగులో ఉండే కడప తమ్ముడు ఒకాయన, వెల్డింగ్ పని చేస్తాడు. ఆయన ల్యాప్‌టాప్‌లో 8 జీబీ స్టిక్కు ఒకటి ఉంది, పక్క స్లాటు ఖాళీ. ఒక షాపులో రెండు కొత్త 8 జీబీ స్టిక్కులు వేశారు. ఇంటికొచ్చాక పాతది ఏదని మేము అడిగితే, "అది ఇంక పనికిరాదన్నారన్నా, వాళ్ళే ఉంచుకున్నారు" అన్నాడు. పొద్దున్నదాకా పనిచేసిన వస్తువు సాయంత్రానికి పనికిరాకుండా ఎలా పోతుంది? పనికిరానిదైతే వాళ్ళు సొరుగులో ఎందుకు దాచుకుంటారు? రేపు ఇంకో సోదరుడికి సెకండ్ హ్యాండ్‌గా అమ్మేది దాన్నే కదా. మేము అభ్యంతరం చెప్పేది ఇక్కడే. సలహా ఇవ్వండి, నిర్ణయం మాకు వదలండి, మా వస్తువు మాకివ్వండి.

క్యాంపుల్లో దీనికి ఎదురు మాట ఇంకోటి తిరుగుతుంటుంది. "ఏదైనా వేసెయ్, నడుస్తుంది" అని పక్క మంచం మీది మిత్రుడు చెబుతాడు. అదీ నమ్మకండి. పైన చెప్పిన నాలుగూ కలవకపోతే నడవదు.

షాపుకు వెళ్ళేముందు

మూత విప్పకుండానే చాలా సంగతులు తెలుసుకోవచ్చు. విండోస్ 10, 11 ఉన్న మిషన్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ ఒకేసారి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, తర్వాత మెమొరీ నొక్కితే మొత్తం ఎంత ఉంది, ఎంత వాడుతోంది, వేగం ఎంత, రెండు స్లాట్లలో ఎన్ని నిండాయి అన్నీ కనబడతాయి. ఫారం ఫ్యాక్టర్ అన్నచోట రో ఆఫ్ చిప్స్ అని ఉంటే ర్యామ్‌ను బోర్డుకే అతికించారని అర్థం. థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ లాంటి పలచటి మిషన్లలో అంతే, పెంచడానికి వీలుండదు. థింక్‌ప్యాడ్ టీ490 లో కొంత అతికించి, ఒక స్లాటు విడిగా ఇచ్చారు. దానికి ముందు వచ్చిన టీ480 లో రెండు స్లాట్లున్నాయి. పేరు దగ్గరగా ఉందని అన్నీ ఒకటే అనుకోకూడదు.

అదే పేజీలో ఇంకోటి చూడండి. మీరు రోజూ చేసే పనులన్నీ తెరిచి పెట్టినా మెమొరీ సగమే నిండుతోందా? అయితే మీ జబ్బు ర్యామ్‌ది కాదు. లోపల తిరిగే పాత హార్డ్ డిస్కు ఉంటే, దాని స్థానంలో ఎస్ఎస్‌డీ వేయించుకుంటేనే గుణం కనబడుతుంది. జ్వరానికి మందు తలనొప్పికి వేస్తే ఏం లాభం?

ర్యామ్ తీసే ముందు పాస్‌పోర్టు, సివిల్ ఐడి కాపీలు, పిల్లల ఫోటోలు పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. పాత స్టిక్కు చీటీని ఫోన్‌తో ఫోటో తీసి షాపులో చూపించండి. నోటితో చెప్పేదానికంటే అది నయం.

సొంతంగా మార్చుకునేవాళ్ళు చార్జర్ తీసి, మిషన్ పూర్తిగా ఆపి, బ్యాటరీ కూడా వేరుచేయాలి. ఇక్కడి చలికాలంలో గాలి పొడిగా ఉంటుంది, స్వెట్టరు విప్పితేనే చిటపటమంటుంది. ఆ చిటపట ర్యామ్ చిప్పును చంపగలదు. ముందు ఏదైనా ఇనుప వస్తువును తాకి, స్టిక్కును అంచులు పట్టుకుని ఏటవాలుగా దించి, రెండు పక్కల క్లిప్పులు టక్కుమనే దాకా కిందికి నొక్కాలి.

షాపులో, ఆ తర్వాత

డబ్బు ఇచ్చేముందే మూడు మాటలు మాట్లాడుకోండి. నా పాత స్టిక్కు తీస్తే నాకు ఇచ్చేయాలి. కొత్తది నా ఎదురుగా వేసి, నడిపి చూపించాలి. రెండూ కలిసి నడవకపోతే మార్చి ఇవ్వాలి. ఈ మూడో మాట బిల్లు మీద రాయించుకోండి. కువైట్‌లో వినియోగదారుల రక్షణకు 2014లో వచ్చిన 39వ నంబరు చట్టం ఉంది. వాణిజ్య మంత్రిత్వ శాఖ ఫిర్యాదులు తీసుకుంటుంది. కానీ చేతిలో బిల్లు లేకుండా ఏ ఆఫీసుకు వెళ్ళినా మన మాటకు బలం ఉండదు.

గదికి వచ్చాక విండోస్‌లోనే ఉండే మెమొరీ డయాగ్నస్టిక్ అనే పరీక్ష పెట్టండి. మెమ్‌టెస్ట్86 అని పెన్ డ్రైవ్ మీద నడిచే పరీక్ష ఇంకా గట్టిది, రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ఫలితం వస్తుంది. తప్పులు చూపిస్తే కంగారు పడకండి. ఒక్కో స్టిక్కునే పెట్టి విడివిడిగా పరీక్షించండి, స్లాటు మార్చి చూడండి. విడిగా రెండూ బాగుండి, కలిపితేనే గొడవైతే ఆ జత కుదరలేదని అర్థం. ఒకటి విడిగా కూడా తప్పు చూపిస్తే అది చెడిపోయినది. అప్పుడు షాపువాడితో ఆధారంతో మాట్లాడవచ్చు.

పాత స్టిక్కు ఇప్పుడు ఎందుకు విలువైనది

ఒకప్పుడు ర్యామ్ ఏటేటా చవకయ్యేది. 2025 చివరి నెలల్లో పరిస్థితి తిరగబడింది. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లకు మెమొరీ విపరీతంగా కావాల్సి రావడంతో తయారీదారులు అటే మొగ్గారు. ప్రపంచమంతా ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. మైక్రాన్ సంస్థ తన క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారాన్నే మానుకుంటామని 2025 డిసెంబరులో ప్రకటించింది. ఎక్కడో అమెరికాలో తీసుకున్న నిర్ణయం హవల్లీ షాపులో మన జేబు మీద పడుతోంది. ఇలాంటి రోజుల్లో పనిచేస్తున్న స్టిక్కును వదిలేసి రావడమంటే డబ్బు వదిలేసి రావడమే.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. విండోస్ 10 కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కు ఇంటెల్ అయితే సుమారుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే అధికారికంగా అనుమతి. అంతకంటే పాత మిషన్ మీద ర్యామ్ కోసం పెద్ద మొత్తం పెట్టేముందు రెండుసార్లు ఆలోచించండి. చిన్న ఖర్చుతో ఇంకో ఏడాది నడిస్తే చాలనుకుంటే, స్నేహితుడి దగ్గర మిగిలిన పాత స్టిక్కు అందుకు సరిపోతుంది.

అందుకే మాదొక సూచన. ప్రతి క్యాంపులో, ప్రతి బిల్డింగులో ఒక చిన్న డబ్బా పెట్టుకుందాం. ఎవరికైనా ర్యామ్ మిగిలితే చీటీ కనబడేలా కాగితంలో చుట్టి అందులో వేయాలి. ఒకరి 4 జీబీ ఇంకొకరి ఖాళీ స్లాటుకు సరిపోవచ్చు. చీటీ చదవడం రానివాళ్ళకు చదివి చెప్పడానికి మాలాంటి గుమాస్తాలు ప్రతి బిల్డింగులో ఒకరిద్దరు ఉండనే ఉంటారు. శుక్రవారం ఒక గంట దానికి కేటాయిస్తే పోయేదేమీ లేదు. అకామా ఫారం నింపిపెట్టినట్టే ఇదీ ఒక సాయం.

సోదరులారా, ఎండలో నిలబడి సంపాదించిన దినారు మనది. మిషన్‌కు ఏం కావాలో మనం తెలుసుకుని అడిగితే షాపువాడూ మర్యాదగానే చెబుతాడు. తెలియకుండా వెళ్తే ఏది చెప్పినా నిజమే అనిపిస్తుంది. ఈసారి ర్యామ్ వేయించుకోవడానికి వెళ్ళినప్పుడు కొత్త స్టిక్కుతో పాటు పాతదాన్నీ అడిగి జేబులో వేసుకుని రండి.